సెకండ్‌హ్యాండ్ బేస్ గిటార్: బేరం మొదలవ్వాల్సింది నెక్ దగ్గర

పాత బేస్ గిటార్ అమ్మేవాళ్లు మొదట చెప్పేది హెడ్‌స్టాక్ (తీగలు చుట్టుకునే పైకొస) మీదున్న పేరు, తర్వాత రంగు, ఆ తర్వాత ఏ దేశంలో తయారైందన్న సంగతి. కొనేవాళ్ల బేరం కూడా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. ఆ వాయిద్యం ఇంకో ఇరవై ఏళ్లు పనికొస్తుందా, ఆరు నెలలకే మూలన పడుతుందా అన్నది మాత్రం నెక్, అంటే తీగలు నొక్కి వాయించే పొడవాటి చెక్క, చెబుతుంది. పికప్ (తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చేది) పోతే ఇంకొకటి వేసుకోవచ్చు. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం), ట్యూనర్లు, వాల్యూమ్ పాట్‌లు (నాబ్‌ల కింద తిరిగే భాగాలు), జాక్ (కేబుల్ పెట్టే చోటు) అన్నీ విడిగా దొరుకుతాయి, ఓ పూటలో మారతాయి. నెక్ మెలి తిరిగిందంటే మాత్రం, ఒక మాదిరి ధర బేస్‌ల విషయంలో, దాని బదులు మంచి నెక్ కొనడానికయ్యే ఖర్చు ఆ బేస్‌కి పెట్టిన డబ్బుకు దగ్గరగా వచ్చేస్తుంది. అందుకే కొనేవాళ్లు ధర మాట్లాడే ముందు నెక్‌ని చూడాలి. అమ్మేవాళ్లు అడగకముందే దాన్ని చూపించాలి.

మామూలు గిటార్ కన్నా బేస్‌లో ఈ సమస్య పెద్దది కావడానికి కారణం కొలతల్లోనే ఉంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు 25 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. బేస్‌కి 34 అంగుళాలు, అంటే 864 మి.మీ. అమెరికా కంపెనీ ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌తో తెచ్చిన ఈ పొడవే ఇప్పటికీ ప్రామాణికం. 45 నుంచి 105 గేజ్ దాకా (తీగ లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉండే నాలుగు తీగల సెట్టు సరైన శ్రుతిలో ఉన్నప్పుడు నెక్ మీద పడే లాగుడు దాదాపు 80 కిలోలు. పొడవాటి సన్నటి చెక్క మీద రాత్రింబగళ్లు అంత బరువు. దానికి ఎదురుగా లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ పనిచేస్తూ ఉంటుంది. ఆ కడ్డీలో ఇంకా ఎంత తిరుగుడు మిగిలి ఉందో తెలుసుకోవడమే తనిఖీలో సగం పని.

తీగలు వదులుగా ఉన్న బేస్‌ని చూసి ఏదీ తేల్చలేం. ముందు ఇ, ఎ, డి, జి శ్రుతికి బిగించి పది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత అన్నిటికన్నా లావైన ఇ తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర కేపోతోనో (తీగలను నొక్కిపట్టే క్లిప్) వేలితోనో నొక్కి, రెండో చేత్తో నెక్ బాడీని కలిసే చోట ఉన్న ఫ్రెట్ మీద నొక్కాలి. ఇప్పుడా తీగే తిన్నని స్కేలు. ఎనిమిదో ఫ్రెట్ పైభాగానికీ తీగ అడుగుకీ మధ్య సందు చూడాలి. తన బేస్‌లకు ఫెండర్ సూచించే కొలత, ఫ్రెట్‌బోర్డు వంపును బట్టి, 0.25 నుంచి 0.35 మి.మీ. మందపాటి విజిటింగ్ కార్డు ఒకటి తీగను కదపకుండా దూరితే సరిపోయినట్టే. సందు బొత్తిగా లేకపోతే నెక్ నిటారుగానో వెనక్కి వంగో ఉంది. ఒక మిల్లీమీటరు దాకా ఉంటే ముందుకు బాగా వంగింది. రెండూ సరిచేయగలిగినవే, రాడ్ తిరిగితే.

రాడ్ తిరుగుతుందో లేదో అమ్మేవాళ్ల అనుమతితో, వీలైతే వాళ్ల చేత్తోనే పరీక్ష చేయించాలి. సవ్యదిశలో తిప్పితే ముందు వంపు తగ్గుతుంది. ఒకసారికి పావు చుట్టు చాలు. మంచి నెక్‌లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, అదీ అలెన్ కీ వల్ల. అమెరికా, మెక్సికో ఫెండర్ బేస్‌లలో చాలా వాటికి 3/16 అంగుళం కీ కావాలి, అంటే 4.76 మి.మీ. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే సెట్టులో మిల్లీమీటరు కీలే ఉంటాయి. 5 దూరదు. 4.5 దూరుతుంది గానీ లోపల జారుతుంది. రెండు మూడుసార్లు జారిందంటే రాడ్ నట్ (రాడ్ చివర తిప్పే మర) లోపలి ఆరు మూలలూ అరిగి గుండ్రమైపోతాయి. ఇక ఏ కీ పట్టదు. ఫోన్ టార్చి వేసి ఆ రంధ్రంలోకి చూస్తే మూలలు పదునుగా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. అరిగి ఉంటే, అమ్మేవాళ్లు ‘సెటప్ చేయించాం’ అని ఎంత చెప్పినా, అది సగం ధర బేస్. పాత తరహా ఫెండర్‌లలో రాడ్ నట్ నెక్ మడమ (బాడీకి బిగించే చివర) దగ్గర ఉంటుంది కాబట్టి, తిప్పాలంటే తీగలు వదులు చేసి నెక్‌ని కాస్త ఎత్తాల్సి వస్తుంది. అలాంటి వాటిలో రాడ్ స్థితిని చూడకుండానే బేరాలు జరిగిపోతుంటాయి.

రాడ్ ఇప్పటికే చివరికంటా బిగిసిపోయి, వంపు ఇంకా మిగిలే ఉంటే వదులుకోవడమే మేలు. కొన్ని నెక్‌లలో రాడ్ నట్ కింద వాషర్ వేసి ఇంకాస్త తిరుగుడు సంపాదించొచ్చు. ఆ పని తెలిసిన రిపేరర్ దగ్గర్లో ఉంటేనే ఆ ధైర్యం చేయాలి.

వంపు ఒకటి, మెలి ఇంకొకటి. హెడ్‌స్టాక్ వైపు నుంచి కన్ను ఆనించి నెక్ పొడవునా చూస్తే నట్ గీత, చివరి ఫ్రెట్ గీత రెండూ సమాంతరంగా కనిపించాలి. ఒకటి పక్కకు ఒరిగి కనిపిస్తే నెక్ మెలి తిరిగినట్టు. రాడ్ దీన్ని సరిచేయలేదు. బాడీ దగ్గరి చివరి నాలుగైదు ఫ్రెట్లు పైకి లేచి ఉండటం ఇంకో జబ్బు. కింది ఫ్రెట్ల దగ్గర శుభ్రంగా మోగే బేస్ పన్నెండో ఫ్రెట్ దాటగానే ‘జర్’మంటే అనుమానించాల్సింది దీన్నే. ఇది ఫ్రెట్లను సానబట్టించి చక్కబెట్టుకోగలిగేదే, ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలి.

జి తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్యలో ఒక స్వరం చటుక్కున చచ్చిపోవడం మాత్రం లోపం కింద లెక్కకు రాదు. ఫెండర్ తరహా నెక్‌లలో ఇది చాలా సాధారణం. ఆ స్వరం శక్తిని నెక్కే తన కంపనంలోకి లాగేసుకుంటుంది. హెడ్‌స్టాక్‌కి చిన్న బరువు బిగిస్తే ఆ చోటు ఒకటి రెండు ఫ్రెట్లు పక్కకు జరుగుతుంది. దీన్ని చూపించి ధర తగ్గించమనడం న్యాయం కాదు. అన్ని స్వరాలూ వాయించి, మొద్దుబారిన చోటు ఎంత తీవ్రంగా ఉందో విని ఒప్పుకోవడమో మానుకోవడమో చేయాలి.

ఫ్రెట్ల అరుగుదల మొదటి ఏడు ఫ్రెట్లలో చూస్తే చాలు. గరుకు తీగలు వాడిన బేస్‌లో తీగ కింద చిన్న చిన్న గాడులు పడతాయి. నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వాడినదైతే ఇరవై ఏళ్లయినా ఫ్రెట్లు కొత్తగానే ఉండొచ్చు. లోతు తక్కువ గాడులు సానబడితే పోతాయి. గోరు ఆనేంత లోతుంటే, సానబట్టాక ఫ్రెట్ ఎత్తు ఏమాత్రం మిగలదు. అప్పుడు ఫ్రెట్లన్నీ పీకి కొత్తవి వేయించాలి, అది చిన్న ఖర్చు కాదు.

మన వాతావరణం గురించి ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో ఉన్న బేస్‌లకు ఉప్పుగాలి మొదట పట్టేది బ్రిడ్జ్ సాడిల్స్‌ (ఒక్కో తీగ ఆనే ముక్కలు) లోని చిన్న స్క్రూలను. పైకి మెరుస్తూనే ఉంటాయి, లోపల తుప్పుతో బిగుసుకుపోతాయి. ఒక్కో తీగకు రెండు ఎత్తు స్క్రూలు, వెనక తీగ పొడవును సర్దే ఇంటొనేషన్ స్క్రూ ఒకటి ఉంటాయి. ఒక్కొక్కటీ కొంచెం తిప్పి చూడాలి. ఏసీ గదుల్లోనో హైదరాబాద్ వేసవి పొడిగాలిలోనో చాలాకాలం ఉన్నదైతే చెక్క కుంచించుకుని ఫ్రెట్ల అంచులు పక్కకు పొడుచుకొస్తాయి. నెక్ అంచు వెంట అరచేయి జారిస్తే గుచ్చుకుంటాయి. ఆకురాయితో గంటలో పోయే ఇబ్బంది అది.

పేరు, సీరియల్ నంబరు ఏం చెబుతాయి?

1976 నుంచి ఫెండర్ సీరియల్ నంబరు హెడ్‌స్టాక్ మీదకు వచ్చింది. అంటే అది నెక్ మీద ఉన్న నంబరు. నాలుగు స్క్రూలు విప్పితే ఆ నెక్ వేరే బాడీకి వెళ్లిపోగలదు. నంబరు చూసి ‘ఇది తొంభైల నాటి అమెరికా బేస్’ అని డబ్బు కట్టేవాళ్లు నిజానికి నెక్‌కి మాత్రమే కడుతున్నారు. బాడీ సంగతి వేరుగా తేలాలి. ధర పెద్దదైతే నెక్ విప్పి మడమ మీద, బాడీ గుంతలో ఉండే ముద్రలు, పెన్సిల్ రాతలు చూపించమని అడగడంలో తప్పులేదు.

చౌక బేస్ నెక్ మీద ఖరీదైన పేరు అంటించడం బాగా పాత మోసం. స్టిక్కర్ కన్నా కంట్రోల్ ప్లేట్ (నాబ్‌లు బిగించిన పలక) కింద చూడటం మేలు. అమెరికా ఫెండర్‌లలో వాల్యూమ్ పాట్‌లు దాదాపు 24 మి.మీ. వెడల్పున ఉంటాయి. చౌక రకాల్లో సాధారణంగా 16 మి.మీ. చిన్నవి కనిపిస్తాయి. ప్లేట్‌కి ఉన్న మూడు నాలుగు స్క్రూలు విప్పనివ్వని అమ్మకందారుకి పెద్ద మొత్తం ఇవ్వాల్సిన అవసరం లేదు. ఇందులో చౌక బేస్‌లను తక్కువ చేయడం ఏమీ లేదు. 1982లో జపాన్‌లో మొదలైన స్క్వయర్ (ఫెండర్ వాళ్ల చౌక బ్రాండ్) తొలి బేస్‌లను, జె.వి. అక్షరాలతో మొదలయ్యే సీరియల్ నంబర్లవి, సేకరించేవాళ్లు ఇప్పుడు మంచి ధరకే కొంటున్నారు.

దొంగసొత్తు భయం కూడా నంబరుతోనే ముడిపడి ఉంది. బీటిల్స్ బేసిస్టు పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హోఫ్నర్ బేస్ 1972లో లండన్‌లో వ్యాన్‌లోంచి చోరీ అయింది. అది తిరిగి ఆయన దగ్గరకు చేరిందన్న వార్త 2024లో బయటికొచ్చింది. యాభై ఏళ్ల తర్వాత కూడా అది ఆయన బేసే. కొన్న బిల్లు, నంబరు ఫొటో ఈ రెండూ అమ్మేవాళ్ల దగ్గర ఉంటే బేస్ విలువ నిజంగానే పెరుగుతుంది.

ఏ బేస్ ఎవరికి?

ప్రెసిషన్‌కి 1957 నుంచి ఉన్న రెండు ముక్కల పికప్ హమ్‌ని (కరెంటు మోతని) తనలోనే రద్దు చేసుకుంటుంది. ఒక వాల్యూమ్, ఒక టోన్, పాడవడానికి ఏమీ లేదు. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కి రెండు పికప్‌లు, నట్ దగ్గర 38 మి.మీ. సన్నటి నెక్. చిన్న చేతులవాళ్లకు ఇది హాయి. ఒక్క పికప్ మాత్రమే పెంచితే జాజ్ బేస్ గుయ్యిమంటుంది. రెండూ సమానంగా పెంచితే ఆ మోత తగ్గిపోతుంది. ఇది రిపేరు కాదు, దాని తీరే అంత. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే బ్యాటరీతో నడిచే ప్రీయాంప్‌ను (సంకేతాన్ని పెంచే చిన్న సర్క్యూట్) బేస్ లోపల పెట్టి పేరు తెచ్చుకుంది. ఆ దారిలో వచ్చినవే ఇప్పుడు మధ్య ధరలో దొరికే యాక్టివ్ బేస్‌లు చాలా వరకు.

చర్చి క్వైర్లలో, ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు అయిదు తీగల బేస్ వైపు మొగ్గడంలో అర్థముంది. పాడేవాళ్ల శ్రుతిని బట్టి పాట కిందికి దిగినప్పుడు ఖాళీ ఇ తీగ కన్నా కింది డి, సి స్వరాలు కావాలి. అవి నాలుగు తీగల బేస్‌లో లేవు. కొనేటప్పుడు బి తీగ ఒక్కటే చాలా చెబుతుంది. ఆ తీగ ప్రకంపన సెకనుకు 31 సార్లు కూడా ఉండదు. అయిదో ఫ్రెట్ మీద బి తీగ వాయించి, ఆ వెంటనే ఖాళీ ఇ తీగ వాయించాలి. రెండూ ఒకే ఇ. మొదటిది పిండిపిండిగా, రెండోది గట్టిగా వినిపిస్తే ముందు తీగ గేజ్ చూడాలి. 125 బదులు 130 వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. కొత్త తీగతో కూడా మారకపోతే ఆ బేస్‌తో అయిదో తీగ పేరుకే.

భుజం మీద బరువు కూడా రాసి పెట్టుకోవాల్సిన అంకె. 3.6 నుంచి 4.2 కిలోల మధ్య సుఖం. 4.5 దాటితే మూడు గంటల ప్రోగ్రాంలో భుజం ఒప్పుకోదు. లగేజీ తూచే కొక్కెం త్రాసు చాలు. స్ట్రాప్ వేసుకుని రెండు చేతులూ వదిలేస్తే హెడ్‌స్టాక్ నేలవైపు దిగిపోతుందా అన్నదీ అప్పుడే చూడాలి.

వైరింగ్, బ్యాటరీ

మల్టీమీటరు ఉంటే పికప్‌ల పరీక్ష రెండు నిమిషాల పని. పాసివ్ (బ్యాటరీ లేని) బేస్‌కి కేబుల్ పెట్టి, వాల్యూమ్, టోన్ పూర్తిగా తిప్పి, కేబుల్ రెండో చివర మొనకీ మొదలుకీ మధ్య రెసిస్టెన్స్ చూడాలి. ప్రెసిషన్‌లో 10 నుంచి 12 కిలోఓమ్‌లు, జాజ్‌లో ఒక్కో పికప్‌కి 7 నుంచి 8 సాధారణం. జాజ్‌లో రెండూ పెంచితే అంకె సగానికి పడుతుంది, అవి సమాంతరంగా కలుస్తాయి కాబట్టి. లక్షల్లో చూపిస్తే తీగచుట్ట తెగినట్టే. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 10 చూపించే పికప్, మే నెలలో 40 డిగ్రీల గదిలో 10.8 చూపిస్తుంది. కంపెనీ అంకెతో కలవలేదని గొడవపడే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

యాక్టివ్ బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీ స్విచ్చు జాక్‌లోనే ఉంటుంది. కేబుల్ పెడితే ఆన్, తీస్తే ఆఫ్. ఇందుకోసం మూడు కాంటాక్టులున్న స్టీరియో జాక్ వాడతారు. పాత జాక్ వదులైందని ఎవరో మామూలు మోనో జాక్ వేసి, బ్యాటరీ నెగెటివ్ వైరును నేరుగా గ్రౌండ్‌కి కలిపేస్తే కేబుల్ తీసినా ప్రీయాంప్ నడుస్తూనే ఉంటుంది. వారాల్లో బ్యాటరీ ఖాళీ. ‘బ్యాటరీ ఎక్కువ తాగుతుంది’ అని అమ్మేవాళ్లు చెప్పారంటే మొదట చూడాల్సింది ఇదే. రిపేరు చౌక. బ్యాటరీ కారి పచ్చగా పట్టిన గూడు, తయారీ ఆగిపోయిన ప్రీయాంప్ అయితే ఖర్చు ఎక్కడికి పోతుందో చెప్పలేం.

బ్రిడ్జ్‌ని ముట్టుకుంటే మోత తగ్గడం సహజం. ముట్టుకున్నా ఏ తేడా లేకపోతే బ్రిడ్జ్ కిందకు వెళ్లే గ్రౌండ్ వైరు ఊడింది. ముట్టుకుంటే చురుక్కుమంటే తప్పు ఎక్కువగా కరెంటు వైపే ఉంటుంది. ఎర్తింగ్ లేని రెండు పిన్నుల ప్లగ్గులో యాంప్ పెట్టి, ఇంకో చేత్తో మైకు పట్టుకోవడం ప్రాణాపాయం. ఎర్త్ ఉన్న సాకెట్ దొరకని చోట బేస్ పరీక్ష మానుకోవడమే మంచిది.

యాంప్ ఎక్కువసార్లు కాలేది ఎందుకు?

అమెరికా నుంచి వచ్చేటప్పుడు అక్కడ చౌకగా దొరికిన యాంప్ తెచ్చుకునే తెలుగువాళ్లు ఎక్కువే. వెనక ప్లేటు మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంటే, మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టిన క్షణంలో ఫ్యూజు, అదృష్టం బాగోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ పోతాయి. ప్లగ్గు అడాప్టర్ వోల్టేజీని మార్చదు. ‘100–240’ అని రాసి ఉన్న క్లాస్ డి యాంప్‌లు (స్విచింగ్ పద్ధతిలో నడిచే తేలికైన రకం) నేరుగా పనిచేస్తాయి. 120 అని మాత్రమే ఉన్నవాటికి వాటేజీకి సరిపోయే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

ఓమ్‌ల లెక్క ఇంకో చోటు. 8 ఓమ్‌ల స్పీకర్ క్యాబినెట్లు రెండు కలిపితే 4 ఓమ్‌లు. యాంప్ కనీసం 4 అంటే అక్కడితో ఆగాలి. మూడోది తగిలిస్తే వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది. మల్టీమీటరుతో చూస్తే 8 ఓమ్‌ల స్పీకర్ 5.5 నుంచి 7 మధ్య చూపిస్తుంది, అది సరైనదే. కోన్‌ని రెండు చేతుల వేళ్లతో సమంగా లోపలికి నొక్కినప్పుడు గీకిన చప్పుడు వస్తే కాయిల్ దెబ్బతింది. వాల్వ్ యాంప్‌ని (గాజు వాల్వులతో పనిచేసే పాత రకం) స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయకూడదు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్.వి.టి. 300 వాట్ల యాంప్ శబ్దం ఇప్పటికీ కొలమానమే, కానీ స్పీకర్ లేని హెడ్ ఒక్కటే 35 కిలోలు దాటుతుంది. రెండు మూడు కిలోల క్లాస్ డి యాంప్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోవచ్చు, అయితే అది పాడైతే సందు చివరి రేడియో మెకానిక్ బాగుచేయలేరు. వారంటీ పోయిన పాత క్లాస్ డి యాంప్‌కి ఆ లెక్కలోనే ధర కట్టాలి.

అమ్మేటప్పుడు

ధర పెట్టడానికి ఇతరులు అడుగుతున్న ధరలు చూస్తే సరిపోదు. అమ్ముడుపోని బేస్ కూడా ఏడాది పాటు అదే ధరతో కనిపిస్తూనే ఉంటుంది. నిజంగా చేతులు మారిన ధరలు చూడాలి. మార్పించిన పికప్‌లకు, బ్రిడ్జ్‌కి పెట్టిన డబ్బు బేస్ ధరలో తిరిగి రాదు. పాత భాగాలు దాచి ఉంటే వాటిని మళ్లీ బిగించి, కొత్తవి విడిగా అమ్మడం లాభం. అరవైల నాటి బేస్‌లకైతే మళ్లీ పెయింట్ వేయించడమే పెద్ద దెబ్బ. అసలు రంగు పోయిన పాత బేస్ విలువ దాదాపు సగానికి పడిపోతుందన్నది ఆ వ్యాపారంలో అందరూ ఒప్పుకునే లెక్క.

ప్రకటనలో ఉండాల్సిన ఫొటోలు: హెడ్‌స్టాక్ ముందు వెనక, నెక్ పొడవునా కన్ను ఆనించి చూసినట్టు తీసినది, మొదటి ఏడు ఫ్రెట్లు దగ్గరగా, రాడ్ నట్ లోపల, కంట్రోల్ ప్లేట్ కింద, వీపు మీద బెల్టు గీతలు. ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు, బరువు అంకెల్లో రాయాలి. ఈ మూడు అంకెలున్న ప్రకటన చూసి ఫోన్ చేసేవాళ్లు సరదాకి అడిగేవాళ్లు కారు. కొత్త తీగలు వేయడం వృథా అనుకోకూడదు. చచ్చిన తీగలు మంచి పికప్‌ని కూడా చెడ్డదానిలా వినిపిస్తాయి.

పార్సిల్‌లో పంపితే తీగలు పూర్తిగా తీసేయకూడదు. లాగుడు పోయి రాడ్ ఒక్కటే మిగిలితే నెక్ వెనక్కి వంగుతుంది. రెండు మూడు స్వరాలు కిందికి దించితే చాలు. విమానంలో తెచ్చేవాళ్లు నెక్ విప్పుకోవచ్చు. విడిగా అది 80 సెం.మీ. పైచిలుకు ఉంటుంది, పెద్ద సూట్‌కేసులో మూల నుంచి మూలకు పడుతుంది. అప్పుడు మాత్రం తీగలు తీయక తప్పదు కాబట్టి, రాడ్‌ని కూడా అర చుట్టు వదులు చేయాలి. తిరిగి బిగించేటప్పుడు ఒక్కో స్క్రూని ముందు అపసవ్యదిశలో మెల్లగా తిప్పాలి. పాత మరలో పడినప్పుడు చిన్నగా ‘టక్’మని దిగినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి బిగిస్తే చెక్కలోని పాత మరే పట్టుకుంటుంది. నేరుగా బిగిస్తే కొత్త మర కోసుకుపోయి, నాలుగైదు సార్లకు రంధ్రం వదులైపోతుంది. వేరే వాతావరణం నుంచి వచ్చిన బేస్‌ని శ్రుతి చేసి ఒకటి రెండు వారాలు అలా ఉంచాలి. చెక్క ఇక్కడి తేమకు సర్దుకున్నాకే రాడ్ మీద కీ పెట్టాలి.